కాజా అని పిలుద్దామనుకున్నాం

ఇవాళ ఆఫీసుకు సెలవు పెట్టాను. జ్వరం అని చెప్పాను. అసలు కారణం సోఫాలో కూర్చుని నన్నే చూస్తోంది.

మొన్న శనివారం మా పాప పుట్టినరోజు కోసమని ఒక బొమ్మ కుక్కపిల్లను కొన్నాను. పొట్టకింద జిప్పు తీసి బటన్ నొక్కితే బీప్ అంటుంది. వెంటనే పేరు చెప్పాలి. ఆ తర్వాత ఎవరు తల నిమిరినా "హలో, మై నేమ్ ఈజ్" అని, మనం చెప్పిన పేరును మన గొంతుతోనే వినిపిస్తుంది. పేరు మాత్రం స్వీటు పేరే ఉండాలని పాప షరతు.

మా అమ్మది కోనసీమ. తెల్లగా మెత్తగా ఉంది కాబట్టి 'పూతరేకు' అంది. మా అత్తగారిది బందరు. ఆవిడ ఓటు లడ్డుకే.

"దాన్ని తొక్కుడు లడ్డు అంటారుగా వదినగారూ, పిల్ల నిజంగానే తొక్కేస్తుందేమో" అంది అమ్మ, నవ్వుతూనే.

"మీ రేకుల కంటే నయంలెండి. ఫ్యాను వేస్తే ఎగిరిపోతాయి" అన్నారు ఆవిడ, ఆవిడా నవ్వుతూనే.

నేను ఊరుకోవచ్చుగా? ఫలానా ఊరి ప్రత్యేకత అని ప్రభుత్వం ఇచ్చే జీఐ ట్యాగ్ బందరు లడ్డుకు 2017లోనే వచ్చిందని, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో గానీ రాలేదని ఫోన్లో చూసి పైకి చదివాను. ఆ రాత్రి అమ్మ నన్ను మారు వడ్డించనా అని కూడా అడగలేదు.

చివరికి తేల్చింది పాపే. దాని చెవుల మడతలు చూసి 'కాజా' అంది. నిజమే, చెవులు చూస్తే తాపేశ్వరం మడత కాజా, పొట్ట చూస్తే కాకినాడ గొట్టం కాజా.

ఇక నామకరణం. ఫ్యాను ఆపాం. టీవీ ఆపాం. అమ్మ జపమాల కూడా పక్కన పెట్టింది. మా పాప బారసాలకు ఇంత నిశ్శబ్దం లేదు. పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో నేను పేరు రాస్తుంటే అప్పుడు పురోహితుడుగారు ఫోన్లో ఇంకో ముహూర్తం మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడు మాత్రం గోడ గడియారం టిక్కుటిక్కు వినిపిస్తోంది. కుక్కను ఒళ్ళో పెట్టుకున్నాను. గొంతు సవరించుకున్నాను. బటన్ నొక్కాను. బీప్. 'కా' అనడానికి నోరు తెరిచాను.

"ఏమండీ, షుగరు మాత్ర వేసుకున్నారా?"

వంటింట్లోంచి మా ఆవిడ. హాల్లోంచి నేను నాలుగుసార్లు మంచినీళ్ళు అడిగితే వినపడని వంటిల్లు అది. అటునుంచి ఇటు మాత్రం ఒక్క అక్షరం జారలేదు, చివరి దీర్ఘంతో సహా. కుక్క "థాంక్యూ" అంది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. భాష ఎంచుకోవడానికి ఒకటి, బొమ్మలకు నాలుగు, కుక్కలకు రెండు నొక్కి, ఇరవై నిమిషాలు సన్నాయి విన్నాక ఒకబ్బాయి దొరికాడు. పేరు ఒక్కసారే పెట్టగలమట. పిల్లలు మార్చేయకుండా లాక్ అట. "అది సేఫ్టీ ఫీచర్ సార్" అన్నాడు, నాకేదో బహుమతి వచ్చినట్టు. ఎవరి సేఫ్టీ నాయనా? వెనక్కి పంపుతానంటే అట్టపెట్టె చిరగకుండా ఉండాలన్నాడు. అట్టపెట్టె అప్పటికే కుక్కకు ఇల్లయిపోయింది, కిటికీలతో సహా.

నిన్న సాయంత్రం కేకు కోశాం. మా మేనేజరుగారు కుటుంబంతో వచ్చారు. నాకు షుగరని ఆఫీసులో ఎవరికీ తెలియదు, స్వీట్లు మానేసింది యోగా వల్లనని చెప్పి ఉన్నాను. అందరూ కబుర్లలో ఉన్నారు కదా అని తలుపు చాటున కాజా ఒకటి నోటిదాకా తెచ్చాను. సరిగ్గా అప్పుడే మేనేజరుగారి అబ్బాయి కుక్క తల నిమిరాడు.

"హలో, మై నేమ్ ఈజ్... ఏమండీ, షుగరు మాత్ర వేసుకున్నారా?"

హాల్లో ముగ్గురు మగాళ్ళు ఒకేసారి ప్లేట్లు కింద పెట్టి "ఆ, వేసుకున్నా" అన్నారు. అందులో మా మేనేజరుగారు ఒకరు.

వేసుకోనిది నేనొక్కడినే.