కాగితం సత్యం, చొక్కా మిథ్య

బట్టలను ఓడెక్కించి పరదేశం పంపే వ్యాపారంలోకి దిగేవాళ్ళు ముందు నూలు, నేత, కుట్టు నేర్చుకోవాలని పెద్దలు చెబుతారు. పెద్దలకేం తెలుసు? ముందు వంటబట్టాల్సింది వేదాంతం. ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగులో సరుకు వివరాలు రాసేచోట 'సెడ్ టు కంటెయిన్' అనే మహావాక్యం ఒకటుంటుంది. పెట్టెలో చొక్కాలున్నాయని ఎవరో అన్నారట, మాకు తెలిసింది అంతే అని దాని తాత్పర్యం. పక్కనే 'షిప్పర్స్ లోడ్, స్టో అండ్ కౌంట్' అని ఉపవాక్యం. ఎక్కించింది మీరే, సర్దింది మీరే, లెక్కపెట్టింది మీరే. కిరాయి పుచ్చుకున్నది మాత్రం మేము. ఉందో లేదో తెలియని వస్తువును సముద్రాలు దాటించి, దానికి రసీదు కూడా ఇవ్వగలగడం శంకరులవారికి కూడా తట్టని సిద్ధాంతం.

ఇక చొక్కా సంగతి. ఓడెక్కే ముందు దానికి లింగ నిర్ధారణ జరగాలి. సుంకాల పట్టికలో ఇందుకు నియమం ఉంది. గుండీల దగ్గర ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తే మగ చొక్కా, కుడిది ఎడమ మీదికి వస్తే ఆడ చొక్కా. ఎటూ తేలకపోతే ఆడదాని కిందే జమ. నవ్వకండి, ఇది డబ్బు విషయం. అమెరికాలో మగ్గం మీద నేసిన నూలు చొక్కా మగదైతే మామూలు సుంకం 19.7 శాతం, ఆడదైతే 15.4. తర్వాత గోత్రం. అల్లిక గుడ్డ టీషర్టు పత్తిదైతే 16.5 శాతం, పాలిస్టర్‌దైతే 32. రెండూ కలిస్తే బరువులో ఏది ఎక్కువో దాని గోత్రమే. సరిగ్గా సగం సగం అయితే పట్టికలో ఏ పీచు వెనక వస్తుందో అది గెలుస్తుంది. పత్తి 52వ అధ్యాయం, పాలిస్టర్ 54, 55. కాబట్టి సమానత్వాన్ని నమ్ముకుని లేబుల్ మీద 50/50 అని రాసుకున్నవాడు 32 కడతాడు. ల్యాబులో ఒకటి రెండు శాతాలు అటూ ఇటూ తేలినా పత్తి పైచేయి పోకుండా 60/40 కలిపినవాడు దాదాపు సగంతో బయటపడతాడు. వీటి మీద మోపే ప్రత్యేక సుంకాలు ఉంటాయి, అవి అల్పపీడనాల్లాంటివి, ఎప్పుడు బలపడతాయో చెప్పలేం.

అట్టపెట్టె 60×40×40 సెంటీమీటర్లు అనుకుందాం. 0.096 ఘనమీటర్లు. నలభై అడుగుల హైక్యూబ్ కంటైనర్ లోపల చోటు సుమారు 76 ఘనమీటర్లు. సందులు పోగా 67 దక్కితే సర్దినవాడికి దండం పెట్టాలి. అంటే 700 పెట్టెలు, పెట్టెకు యాభై చొప్పున 35,000 టీషర్టులు, అట్టతో కలిపి ఏడు టన్నుల బరువు. ఆ కంటైనర్ ఇరవై ఆరు టన్నులు మోయగలదు. తక్కినదంతా గాలి, కిరాయి దానికీ కడతాం.

కంటైనర్ నింపలేని చిన్నవాడి కోసం నలుగురి సరుకూ ఒకే కంటైనర్లో కలిపి పంపే ఎల్‌సీఎల్ ఉంది. అక్కడ టన్ను, ఘనమీటరులో ఏది ఎక్కువైతే దానికే రేటు, బట్టలకు ఎప్పుడూ ఘనమీటరే ఎక్కువ. పెట్టెలో యాభైకి బదులు యాభై ఆరు కుక్కి లాభం చేశామనుకుంటాం. పెట్టె ఉబ్బుతుంది. ప్రతి కొలతా రెండు సెంటీమీటర్లు పెరిగితే 62×42×42. వంద పెట్టెలకు 9.6 ఉండాల్సింది 10.9 అవుతుంది. సరుకులు కలిపే గోదామైన సీఎఫ్ఎస్‌లో టేపు పట్టేవాడు ఉబ్బిన చోటే కొలుస్తాడు, అది అతని ధర్మం. పైగా ఓడలో చోటు కుదిర్చే దళారి, అంటే ఫార్వార్డర్, ఒక్కోసారి సముద్రం కిరాయి సున్నా అంటాడు. కల్యాణమండపం ఉచితమే, చెప్పులు వదిలేచోట లక్ష అన్నట్టు, ఆ సున్నాను అవతలి రేవులో కొనుగోలుదారు దగ్గర రకరకాల పేర్లతో వసూలు చేస్తారు. అందుకే రేటు అడిగేటప్పుడు గమ్యం రేవు ఖర్చులు కూడా రాతపూర్వకంగా అడగాలి. అడిగితే ఆ ఫార్వార్డర్ ఫోను కొన్నాళ్ళు కలవదు.

అసలు శత్రువు నీళ్ళు. సముద్రంలోవి కావు, మనం స్వయంగా మూటగట్టి పంపేవి. మామూలు వాతావరణంలో పత్తి తన పొడి బరువులో ఎనిమిదిన్నర శాతం తేమ పట్టుకుంటుంది. ఆరు టన్నుల పైచిలుకు నూలులో దాదాపు అర టన్ను నీళ్ళన్నమాట. ఆవిరి ఇస్త్రీ చేసి, వేడి తగ్గకుండానే పాలీబ్యాగులో పెట్టి అంటించేస్తే ఇంకాస్త. వానలో తడిసిన చెక్క ప్యాలెట్లు ఇంకొంత. 56 డిగ్రీల్లో అరగంట వేడి చేశామని వాటి మీద ముద్ర ఉంటుంది, ఆ వేడి పురుగుల కోసం, తేమ కోసం కాదు. పగలు ఎండకు కంటైనర్ లోపల ఆవిరి పుడుతుంది. రాత్రి ఇనుప కప్పు చల్లబడగానే ఆ ఆవిరి చుక్కలై చొక్కాల మీద కురుస్తుంది. ఆకాశంలో మబ్బు లేకుండా వాన కురిపించడం మన రాజులు యాగాలు చేయించినా సాధించలేదు. దీనికి ప్రతిగా పాలీబ్యాగులో ఒక గ్రాము సిలికా పొట్లం వేసి నిశ్చింతగా ఉంటాం. కంటైనరుకు కావలసింది గోడలకు వేలాడదీసే కిలో, రెండు కిలోల క్యాల్షియం క్లోరైడ్ సంచులు. ఇస్త్రీ బట్ట చల్లారాలి. నింపే ముందు మనిషి లోపల నిలబడి తలుపులు మూయించుకుని, ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తోందా అని చూడాలి. కనిపిస్తే ఆ కంటైనర్ వెనక్కి పంపాలి. చీకట్లో నిలబడటానికి మాత్రం ఫ్యాక్టరీలో అందరికన్నా చిన్న ఉద్యోగినే పంపుతారు.

ముహూర్తాల విషయంలో ఓడవారు పురోహితుల కన్నా గట్టివారు. హైదరాబాద్ సరుకు సనత్‌నగర్ ఐసీడీ (ఊళ్ళోనే కస్టమ్స్ పని జరిగే కంటైనర్ డిపో) నుంచి రైలెక్కి ముంబై పక్కనున్న నవా షేవా రేవు చేరాలి. అమెరికా సరుకైతే ఓడెక్కించడానికి ఇరవై నాలుగు గంటల ముందే దిగుమతిదారు దాఖలు చేసే ఐఎస్ఎఫ్ అనే సరుకు వివరాల పత్రం అక్కడి కస్టమ్స్‌కు అందాలి. 2016 జూలై 1 నుంచి తూచిన బరువు ఇవ్వనిదే కంటైనర్ ఎక్కదు. ఇన్ని కటాఫులు మనకు. ఓడకు కటాఫ్ లేదు. అది రాకపోతే 'బ్లాంక్ సెయిలింగ్' అంటారు. వచ్చి మన పెట్టెను వదిలేసి పోతే 'రోల్ ఓవర్'. చెడ్డ కబురుకు చక్కని పేరు పెట్టడం కూడా సేవే.

బిల్ ఆఫ్ లేడింగ్ మూడు అసలు ప్రతులుగా వస్తుంది. ఒకటి చూపి సరుకు తీసుకుంటే మిగతా రెండూ చెల్లవు. దుబాయ్ రేవు జెబెల్ అలీకి ఓడ కొద్ది రోజుల్లో చేరుతుంది, ఎల్‌సీ (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బిస్తానని బ్యాంకు రాసిచ్చే హామీ) కాగితాలు పరిశీలించడానికి ఒక్కో బ్యాంకుకు అయిదు పనిదినాల గడువు. సరుకు రేవులో కూర్చుని తన ఆత్మ కోసం ఎదురుచూస్తుంది, రోజుకింత డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము. తొందరున్నవారు 'టెలెక్స్ రిలీజ్' అడుగుతారు. అసలు ప్రతులను ఇక్కడే అప్పగిస్తే అవతల సరుకు వదలమని కబురు వెళ్తుంది, ఈమెయిల్లో. మన దేశంలో టెలిగ్రామ్ 2013లో ఆగిపోయింది, ఓడవాళ్ళ టెలెక్సుకు మరణం లేదు. అయితే డబ్బు చేతికందక ముందే రిలీజ్ ఇచ్చినవాడికి ఆ తర్వాత మిగిలేది వేదాంతమే.

ఈ సుంకాలు, కాగితాల విషయంలో పూర్వీకులు సుఖపడ్డారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో కొట్టు తెరిచి మన అద్దకం బట్టలు కొన్నారు. ఆ బట్టలు తమ మగ్గాల పొట్ట కొడుతున్నాయని 1700లో చట్టం తెచ్చి అడ్డుకున్నారు, 1721లో ఒంటి మీద కనిపిస్తే జరిమానా అన్నారు. వద్దు అని నేరుగా చెప్పారు. గుండీలు లెక్కపెట్టలేదు.

ఇక బీమా. ఎవర్ గివెన్ 2021 మార్చి 23న సూయజ్ కాల్వలో అడ్డం పడి 29 దాకా కదలలేదు. దాని యజమాని 'జనరల్ ఆవరేజ్' ప్రకటించాడు. అంటే ఓడను, సరుకును కాపాడటానికైన ఖర్చు ఓడ యజమానితో పాటు సరుకుదారులంతా తలా కొంత పంచుకోవాలి, హామీ ఇచ్చాకే పెట్టె తీసుకెళ్ళాలి. బీమా ఉన్నవాడికి ఆ హామీ బీమా కంపెనీ ఇస్తుంది. అందుకని అన్నిటికన్నా విస్తారమైన 'ఏ' క్లాజుల పాలసీ తీసుకుంటాం. చివరి పేజీల్లో మినహాయింపులు ఉంటాయి: ఆలస్యం, సరిపోని ప్యాకింగ్, సరుకు స్వాభావిక దోషం. పత్తి తనలోని తేమకు తానే బూజు పట్టడం స్వాభావిక దోషం కిందికే వస్తుంది. పూర్వజన్మ కర్మ అని రాసి ఉంటే మనవాళ్ళకు త్వరగా అర్థమయ్యేది.

పైకి కనిపించని నష్టమైతే, సరుకు అందిన మూడు రోజుల్లో ఓడ కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. సరుకు సాధారణంగా శుక్రవారం సాయంత్రం అందుతుంది.