కిడ్నీ కన్నా ముందు రక్తనాళం

హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్‌లోనో, గాంధీలోనో, ఉస్మానియాలోనో డయాలసిస్ వంతు కోసం కూర్చున్నవారి చేతులు చూడండి. మణికట్టు దగ్గరో మోచేతి దగ్గరో నరం తాడులా ఉబ్బి ఉంటుంది. ధమనినీ సిరనూ కలిపి కుట్టిన ఆ చోటును ఫిస్టులా అంటారు. దానిమీద వేలు పెడితే రక్తం జుమ్మని పారడం తెలుస్తుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వరు, దానితో బరువు మోయరు. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు, ఆ ఒక్క నాళమే వారికి ఆధారం. వారిలో చాలామందికి జబ్బు మొదలైందీ రక్తనాళాల్లోనే. కాకపోతే ఏ పదేళ్ల కిందటో, ఇరవయ్యేళ్ల కిందటో, తమకు తెలియకుండానే.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల జల్లెడలు ఉంటాయి. ఒక్కో జల్లెడ వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాల చుట్ట. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు వీటి గుండానే పోతుంది. రోజుకు 180 లీటర్ల దాకా వడకట్టి, ఒకటిన్నర రెండు లీటర్లు మినహా అంతా మళ్లీ ఒంట్లోకే పంపుతాయి. అంత సున్నితమైన గోడలమీద ఏళ్ల తరబడి బీపీ మోత పడుతుంటే, షుగర్ వాటిని లోలోపల మందం చేస్తుంటే అవి ఎన్నాళ్లు తట్టుకుంటాయి? దెబ్బతిన్న కిడ్నీ తిరిగి బీపీని పెంచుతుంది. పెరిగిన బీపీ మిగిలిన జల్లెడలనూ తినేస్తుంది. కంటి వెనక పొరనూ గుండెనూ మెదడునూ పాడుచేసేది ఇదే నాళాల జబ్బు. అందుకే కిడ్నీ రోగుల్లో చాలామంది డయాలసిస్ దాకా రాకుండానే గుండెపోటుతోనో పక్షవాతంతోనో పోతున్నారు.

'తలనొప్పి లేదు, కళ్లు తిరగవు, నాకెందుకు బీపీ గోలీ?' ఈ మాట మన ఇళ్లలో రోజూ వింటున్నదే. రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, నార్మల్ వస్తే మరీ ధీమా. కిడ్నీ పనితీరు సగం దాకా పోయినా ఆ అంకె కదలకపోవచ్చునని చెప్పేవారు తక్కువ. నాళం గోడ చిల్లుపడగానే మూత్రంలోకి జారేది అల్బుమిన్ అనే ప్రోటీన్. మూత్రంలోని గ్రాము క్రియాటినిన్‌కు అది 30 మిల్లీగ్రాములు దాటితే, మూడు నెలల తర్వాత మళ్లీ చేసినా అలాగే ఉంటే, జబ్బు మొదలైందని అర్థం. చిన్న సీసాలో మూత్రం ఇస్తే తేలిపోయే సంగతి ఇది.

2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు, అంటే పేటల్లోని చిన్న సర్కారు క్లినిక్‌లు, ఉన్నాయి. బీపీ చూస్తున్నారు, షుగర్ చూస్తున్నారు, నమూనాలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ అనే సర్కారు ల్యాబ్‌కు పంపుతున్నారు. షుగర్, బీపీ ఉన్న ప్రతి ఒక్కరి మూత్రం సీసా కూడా ఏడాదికోసారి అదే డబ్బాలో తప్పనిసరిగా వెళ్లాలని మేము కోరుతున్నాం. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితంగా ఇవ్వడం ఎంతో గొప్ప పని, అందులో పైసా తగ్గకూడదు. కానీ యంత్రాలు పెంచుకుంటూ పోవడం మీదున్న శ్రద్ధ ఈ సీసా మీద కనిపించదు. తొలిదశలో దొరికితే మందులున్నాయి. టెల్మిసార్టాన్ వంటివి బీపీతోపాటు జల్లెడలమీది ఒత్తిడినీ దించుతాయి. డాపాగ్లిఫ్లోజిన్ జబ్బు ముదరకుండా నెమ్మదింపజేస్తుంది. 2020లో దాని పేటెంట్ తీరాక మన దేశంలో ధర బాగా దిగింది. ఇవి డాక్టరు చూసి రాయాల్సినవి, కొనడానికి ఆస్తులు అమ్ముకోవాల్సినవి కావు.

మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే డైక్లోఫెనాక్ సంగతీ చూడాలి. ఆ గోలీలు కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తాయి. షుగరున్న పెద్దవాళ్లకు, బీపీ మందులు వేసుకునేవాళ్లకు నెలల తరబడి వాటిని అమ్మడం నేరంతో సమానమని మా అభిప్రాయం. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు కాలనీ షాపుల్లోకీ తొంగిచూడాలి.

ఏటా మార్చి రెండో గురువారం కిడ్నీ దినోత్సవం వస్తుంది, ర్యాలీలు తీస్తారు. ఈసారి ఆ రోజుకల్లా బస్తీ దవాఖానా కార్డు మీద బీపీ, షుగర్ గళ్ల పక్కన మూత్రంలో ప్రోటీన్ అని తెలుగులోనూ ఉర్దూలోనూ మరో గడి అచ్చువేయించండి. గడి ఖాళీగా ఉంటే నింపమని రోగే అడుగుతాడు.