మిగతా 3లో

మొన్న శనివారం నుంచి మా ఇంట్లో ‘నాచు’ అనే మాట ఎవరూ ఎత్తడం లేదు. అంటే, నా ఎదురుగా ఎత్తడం లేదు. మా ఆవిడ వంటింట్లో వాళ్ల చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతూ ఆ మాట దగ్గరికి రాగానే గొంతు తగ్గిస్తోంది. తగ్గించిన గొంతే ఎక్కువ వినిపిస్తుందని పెళ్లయినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

దీనికంతటికీ మా బావమరిది కారణం. విజయనగరంలోనే ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారు. వాళ్ల పిల్లలు ఒక పత్రిక తెస్తుంటారు. ఏ3 కాగితాన్ని మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు, అంతే పత్రిక. ఈసారి పైనుంచి ఏదో ఫారం దిగిందట. పిల్లల పత్రికను ‘బయటి నిపుణుడి’తో చదివించి, విశ్లేషణ చెప్పించి, ఫొటో యాప్‌లో ఎక్కించాలి. మరుగుదొడ్డి ఫొటో, గుడ్డు ఫొటో అయ్యాక ఇప్పుడు నిపుణుడి ఫొటో అన్నమాట. నిపుణుడంటే ఎవరో ఫారంలో లేదు. “నువ్వు పేపర్లకి ఉత్తరాలు రాస్తావు కదా బావా” అన్నాడు. రాస్తాను. 20 ఏళ్లలో మూడు పడ్డాయి. ఒకదాంట్లో నా ఇంటిపేరు తప్పు పడింది.

పత్రిక శుక్రవారం రాత్రి చేతికొచ్చింది. శనివారం మధ్యాహ్నం మీటింగు.

మొదటి పేజీలో రెండు వార్తలున్నాయి. ఎడమవైపు మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం మీద ఎనిమిదో తరగతి కుర్రాడి రిపోర్టు. కుడివైపు బడి నీళ్ల ట్యాంకు మీద తొమ్మిదో తరగతి అమ్మాయి రాసింది. ఆ అమ్మాయే ఎడిటరు కూడా. రెండింటి చివరా ‘మిగతా 3లో’ అని ఉంది. మూడో పేజీలో పైనొక ముక్క, కిందొక ముక్క. ఒక్కోదాని నెత్తిన ఒక నల్లపట్టీ. ఆ పట్టీలో తెల్ల అక్షరాలతో ఏది దేని తాలూకు మిగతాయో రాసి ఉందని నాకు తరవాత తెలిసింది. గంటస్తంభం దగ్గర డీటీపీ చేయించినప్పుడు స్క్రీన్ మీద మెరిసిపోయిందట. స్కూలు జిరాక్సులోకి వచ్చేసరికి నలుపులో నలుపు కలిసిపోయింది. ఇదేంట్రా అని తరవాత అడిగితే “టోనర్ బావా” అన్నాడు. ఆ బళ్లో ఏం జరిగినా జవాబు అదే.

నాకు తెలిసిన లెక్క ఒకటే. ఎడమవైపు వార్తకి పై ముక్క, కుడివైపు వార్తకి కింద ముక్క.

కుర్రాడి రిపోర్టు పొద్దున లేచి పళ్లు తోముకోవడంతో మొదలవుతుంది. తరవాత ఉప్మా. తరవాత అమ్మమ్మ చీర. ఎనిమిదో వాక్యానికి గాని అమ్మవారు రాదు. అయితే వచ్చాక బాగా రాశాడు. మూడు లాంతర్ల దగ్గర జనం, ముందు పాలధార, తెల్ల ఏనుగు, జాలరి వల, వెనక సిరిమాను. అమ్మవారు పూజారి కలలోకి వచ్చి సిరిమానుకి కావలసిన చింతచెట్టు ఎక్కడుందో చెబుతుందని అమ్మమ్మ అందట. 50 అడుగులకు పైమాటే ఆ మాను, దాని చివర పూజారి, గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరగడం, అన్నీ ఉన్నాయి. మొదటి పేజీ చివరి మాటలు ఇవీ: “పూజారి గారు సిరిమాను చివర కూర్చొని”.

పేజీ తిప్పాను. పై ముక్క: “మూత తీసి చూశారు. లోపలంతా పచ్చటి నాచు. ఒక పావురం ఈక తేలుతోంది. అడుగు కనిపించడం లేదు.”

రాత్రి పదిన్నరకి నాకు ఒళ్లు జలదరించింది. దేవుడి మీద ఒట్టు.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, నీకు బుర్ర లేదా అని. ఉంది, అదే వచ్చిన చిక్కు. బుర్ర లేనివాడైతే ‘ఇదేదో తేడాగా ఉందే’ అని బావమరిదికి ఫోన్ చేసేవాడు. నేను పాతికేళ్లుగా ఆదివారం అనుబంధాలు చదువుతున్నవాణ్ణి. అర్థం కానిది కనిపిస్తే అది గొప్పదనుకోవడం నాకు అలవాటైపోయింది. పైగా వ్యాకరణం ఎక్కడా తప్పలేదు. మన భాషలో క్రియ చివర కదా వస్తుంది. కర్తని మొదటి పేజీలో కూర్చోబెట్టి, క్రియని మూడో పేజీలో దాచిపెడితే, మధ్యలో ఏ క్రియ తగిలించినా వాక్యం పలుకుతుంది. పూజారి కూర్చొని మూత తీసి చూశారు. ఏం మూత? అది చెప్పకపోవడంలోనే ఉంది చమత్కారం అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం అసూయ కూడా కలిగింది. ఎనిమిదో తరగతికే ఇలా రాస్తే, డిగ్రీకి వచ్చేసరికి వీణ్ణి పట్టగలమా!

మీటింగు. హెడ్మాస్టరు గారు, టీచర్లు, కింద పట్టాల మీద రెండొందల మంది పిల్లలు. విజయనగరంలో మైకు పట్టుకున్నవాడు గురజాడని తలుచుకోకుండా దిగితే జనం ఊరుకోరు. తలుచుకున్నాను. ఆయనా, గిడుగు రామమూర్తి గారూ ఈ ఊళ్లోనే కలిసి చదువుకున్నారని, మాట్లాడుకునే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడారని, ఆ పుణ్యమే మీ పత్రిక అని చెప్పాను. వార్తలో ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా, ఆరూ ఉండాలన్నాను. ముఖ్యమైనది ముందు రాయాలి, చోటు చాలకపోతే సబ్‌ఎడిటరు కిందనుంచి కోస్తాడు కాబట్టి ఉప్మా కింద ఉండాలన్నాను. పేర్లలో అక్షరం తప్పు పోకూడదని రెండుసార్లు, కొంచెం గట్టిగానే, చెప్పాను. ఎడిటరమ్మాయి అన్నీ నోట్సు రాసుకుంటోంది. అంతవరకు బాగానే ఉంది.

తరవాత మూత దగ్గరికి వచ్చాను.

పన్నెండు నిమిషాలు. మా ఆవిడ వెనక కుర్చీలో కూర్చుని గడియారం చూసిందట, లేకపోతే నేను ఐదు నిమిషాలనే అనుకునేవాణ్ణి. “అంత ఎత్తున కూర్చున్న పూజారి ఏ మూత తీశాడు పిల్లలూ? మన మనసు మూత తీశాడు. కింద జనం జేజేలు కొడుతున్నారు, లోపల నాచు పట్టి ఉంది. ఆ తేలే ఈక ఏమిటి? ఎగిరిపోయిన భక్తి. అడుగు కనిపించడం లేదు అన్నాడు చూశారా, అక్కడ ఆగండి.” అని నేనూ ఆగాను. కళ్లు మూసుకుని ఆగాను. ముందు వరసలో ఒక కుర్రాడు చెయ్యి సగం ఎత్తి దించేశాడు. రాసింది వాడేనట. వినయం అనుకున్నాను. “ఇలాంటివాడు మన ఊరికి ఒక్కడు చాలు” అని వాడి వైపు చెయ్యి చూపించాను. వాడు పక్కవాడి వెనక్కి జరిగాడు.

హెడ్మాస్టరు గారు తల ఊపి, “ఆ ట్యాంకుది కూడా చదవండి సార్, మైకు దగ్గరగా పెట్టుకోండి” అన్నారు. ఆయన తొందర ఆయనది. అది నిజంగా మంచి వార్త. ట్యాంకు కడిగిన తేదీ అని గోడ మీద రాసి ఉంటుంది కదా, ఆ తేదీ మారుతోంది గాని ట్యాంకు కడగడం లేదని పిల్ల పట్టుకుంది. ఆ సంగతి చెబితే ఆయన కోప్పడకుండా పిల్లలతో పాటు మేడెక్కారు, మర్నాడే కడిగించారు. ఏ హెడ్మాస్టరుకైనా అది పదిమందిలో వినాలని ఉండదా?

రాత్రి నేను ఈ వార్త మొదటి పేజీ వరకే చదివాను. మూత మత్తులో రెండోదాని మిగతా చూడలేదు.

చదివాను. తేదీల సంగతి గొంతు పెంచి చదివాను. “హెడ్మాస్టరు గారు మాతో పాటు మేడ ఎక్కి” దాకా వచ్చి పేజీ తిప్పాను. ఒక చేతిలో మైకు, పైన ఫ్యాను, కాగితం రెపరెపలాడుతోంది, మూడో పేజీ కింద ముక్క బొటనవేలితో నొక్కిపట్టాను. మామూలుగా చదివేటప్పుడు కన్ను నోటికంటే రెండు మాటలు ముందుంటుంది. ఆ రోజు నోరే ముందు నడిచింది.

“గాల్లో ఊగుతూ వస్తున్నారు.”

అక్కడ ఆగొచ్చు. ఆగలేదు. ఎత్తుకున్న గొంతు ఎత్తుకున్నట్టే ఉంది, పళ్లెంలో ఉన్నది వడ్డించేసినట్టు మిగతాది కూడా వచ్చేసింది. “జనం దణ్ణాలు పెడుతున్నారు. ఆయన మీదికి అరటిపళ్లు విసురుతున్నారు. ఒకటి ఆయన చెవికి తగిలింది.”

హెడ్మాస్టరు గారి చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే మా బావమరిది యాప్ కోసం ఫొటో తీశాడు.

రెండు క్షణాలు ఎవరూ నవ్వలేదు. తరవాత వెనక ఏడో తరగతి నుంచి మొదలైంది. లెక్కల మేడం కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయారు. నేను, నిపుణుణ్ణి కదా, “ఇదీ వ్యంగ్యమంటే” అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

ఎడిటరమ్మాయి లేచింది. “సార్, అది సిరిమాను మిగతా సార్. కింద ముక్క సిరిమానుది, పై ముక్క ట్యాంకుది. పట్టీల్లో పేర్లు పడలేదు సార్.”

“ఓహో” అన్నాను.

“ఇందాకటిది కూడా సార్” అంది. గొంతులో వెటకారం లేదు, అదే బాధ. “ఆ మూత ట్యాంకుది సార్.”

“మరి అప్పుడే చెప్పలేదేం అమ్మా?”

“పెద్దోళ్లు మాటాడుతుంటే మధ్యలో మాటాడకూడదని తెలుగు సార్ చెప్పేరు సార్.”

తెలుగు సార్ వైపు చూశాను. ఫొటో ఎక్కిస్తున్నాడు. సిగ్నలు లేదట, ఫోను కిటికీ బయటికి చాచి పట్టుకున్నాడు.

శాలువా కప్పారు. హెడ్మాస్టరు గారే కప్పారు, మొహం అటు తిప్పుకుని. టిఫిను ప్లేటులో అరటిపండు ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు. స్కూటరు దగ్గరికి వచ్చేదాకా మా ఆవిడ ఏమీ అనలేదు. అక్కడ మాత్రం, “నాచు గురించి అంతసేపేటి చెప్పేరండీ” అంది.

స్కూటరు కిక్కు కొడుతుంటే ఆ అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది, చేతిలో నోట్సు. వచ్చే నెల పత్రికకి మీటింగు వార్త తనే రాస్తోందట. “ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎలా, అయిదూ వచ్చేసినాయి సార్. ‘ఎందుకు’ ఒక్కటే రాలేదు.”

నేను హెల్మెట్ పెట్టుకున్నాను.

“పోనీలెండి సార్” అని పెన్ను మూత తీసింది. “మీ ఇంటిపేరులో దీర్ఘం ఉంటాదా సార్?”