కుర్చీ గారికి పాక్షిక రాజీనామా

మహారాజశ్రీ ఆఫీసు కుర్చీ గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నా నడుము అందుకు ఒప్పుకోవడం లేదు. కాబట్టి సరాసరి విషయానికి వస్తాను.

పదకొండేళ్లుగా మీ సేవలోనే ఉన్నాను. పదవి దక్కినవాళ్లు కుర్చీ వదలరని లోకం ఆడిపోసుకుంటుంది. నాకు పదవీ లేదు, అయినా వదల్లేదు. పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే మధ్యలో లేచేది ఛార్జర్ కోసమే. రెండు మెట్లెక్కితే ఆయాసం వస్తోంటే 'ఈ మధ్య టెన్షన్ ఎక్కువైంది' అన్నానే తప్ప, మిమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు.

మీ వంశం మీద పాత కేసు ఒకటుందని నాకు తెలియకపోలేదు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా సీట్లో ఉండే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన బృందం 1953లో లాన్సెట్ పత్రికలో రాశారు. 1956లో యూనిఫారాల కొలతలు తిరగేస్తే డ్రైవర్ల ప్యాంట్ల నడుము పెద్దదని కూడా తేల్చారు. అయితే ఉద్యోగంలో చేరిన కొత్తలోనే వాళ్లు కాస్త లావుగా ఉన్నారట! ఈ పాయింటు మీ లాయరుకు చెప్పండి, పనికొస్తుంది. నాకు మాత్రం ఆ సాకు లేదు. చేరినప్పటి ఫొటో ఐడీ కార్డులో నా మెడకే వేలాడుతోంది.

మన కాపురంలో నిప్పులు పోసింది ఫిట్‌నెస్ కోచ్. 'టైమ్ లేదండీ' అని చెప్పి, ఫీజు కట్టినందుకు కాస్త జాలి కూడా దొరుకుతుందేమోనని వెళ్లాను. ఆవిడ జాలిపడలేదు. నా క్యాలెండర్ చూపించమన్నారు. తర్వాత ఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూపించమన్నారు. రెండూ పక్కపక్కన పెట్టి, ఏమీ అనకుండా నా వంక చూశారు. వయోజనులకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు పని ఉండాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వారంలో ఉన్నవి 10,080 నిమిషాలు. ఈ లెక్క కూడా ఆవిడే వేశారు. పది నిమిషాల కంటే చిన్న ముక్కలైనా లెక్కలోకి వస్తాయనేసరికి నా చివరి ఆయుధం చేజారిపోయింది.

వ్యాయామం నాకు తెలియదనుకుంటున్నారా? ఫోన్‌లో దాచుకున్న వీడియోలతో నేనే నలుగురికి నేర్పగలను. దాచుకోవడం నా పని, చేయించడం ఆవిడ పని. సాయంత్రం 'అయిందా?' అని ఒక్క మెసేజ్ వస్తుంది. అయిందని అబద్ధం కొడితే వీడియో పంపమంటారు, మోకాలు లోపలికి వంగుతోందేమో దిద్దడానికట. ప్రాజెక్టు గడువు ముంచుకొచ్చిన వారం మొత్తానికే ఎగ్గొడదామంటే, నలభై నిమిషాలను పన్నెండుకు కత్తిరించారే గానీ సెలవివ్వలేదు. ఫోన్ మీటింగులు నడుస్తూ చేయమన్నారు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ సరైన వేగమట. మా మీటింగుల్లో ఎవరికీ పాడాలనిపించదు కాబట్టి ఆ పరీక్ష ఇంకా సగంలోనే ఉంది.

ఇవన్నీ సహించాను. మీరూ ఆవిడతో కలిసిపోవడమే తట్టుకోలేకపోయాను. నా మొదటి వ్యాయామం ఏమిటనుకున్నారు? చక్రాలు జరగకుండా మిమ్మల్ని గోడకు ఆనించి, చేతులు ఊతం పెట్టకుండా మీలోంచి లేవడం, మళ్లీ కూర్చోవడం. పదిసార్లు! ఆరోసారికే తొడలు వణికాయి. ఇన్నేళ్లూ నన్ను లేవనివ్వని మీరు, ప్రతిసారీ కిర్రుమంటూ లెక్కపెట్టారు. ఆవిడ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు ల్యాప్‌టాప్ బ్యాగు గుండెకు హత్తుకుని ఇరవైసార్లు లేస్తున్నాను. మెట్ల దగ్గర టెన్షన్ కూడా తగ్గింది, పని రవ్వంత తగ్గకుండానే.

అందుచేత ఈ పాక్షిక రాజీనామా. ఇకమీదట గంటకోసారి కాసేపు మీ కొలువులో ఉండను. పోయేటప్పుడు స్వెట్టర్ మీ భుజాన వేసి వెళ్తాను. మేనేజరు వచ్చి అడిగితే ఇప్పుడే లేచాడని చెప్పండి. పదకొండేళ్లలో మొదటిసారి అది నిజమే అవుతుంది.

ఇట్లు,
మీ మాజీ పూర్తికాల విధేయుడు