బోర్డోలో ఏమీ మారలేదు, గమనించగలరు

బోర్డో వైన్ పూర్వంలా లేదని కొందరు గుండెలు బాదుకుంటున్నారు. ఈ దుష్ప్రచారాన్ని ఖండించడానికే ఈ నాలుగు ముక్కలు. ఫ్రాన్స్ నైరుతి మూలన, గరోన్ నది పక్కన ఏదీ మారలేదు. కావాలంటే సాక్ష్యాలు చూడండి.

1855లో మూడో నెపోలియన్ ప్యారిస్ ఎగ్జిబిషన్ కోసం బోర్డో వైన్లకు వరస కట్టమన్నాడు. దళారులు అప్పటి ధరలు చూసి ఎర్ర వైన్లను ఐదు తరగతులు చేసి ఇచ్చారు. ఆ తర్వాత తోటలు చేతులు మారాయి, కొన్ని పెరిగాయి, కొన్ని తరిగాయి. లిస్టు మాత్రం దాదాపు అలాగే ఉంది. షాతో (అంటే కోట, దాని చుట్టూ తోట) ముతోన్ రోత్‌షీల్డ్ ఒక్కటే 1973లో రెండో తరగతి నుంచి మొదటి తరగతికి పాసైంది. దానికి 118 ఏళ్లు చదివింది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని మనం ఎగతాళికి అంటాం. వాళ్లు దాన్నే లేబుల్ మీద అచ్చేస్తారు.

ఇక రుచి. ఎర్ర బోర్డో అంటే కొత్తలో నాలుక పిడచకట్టే వగరు. తాత కొని దాస్తే మనవడు తాగాలి. 1982 పంటను అమెరికాలోని మేరీలాండ్ లాయరు, వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ఆకాశానికెత్తాడు. ఆయన వైన్లకు వందకు మార్కులు వేసేవాడు. మార్కులు మొదలయ్యాక ఏమవుతుందో ఇంటర్ చదివే పిల్లలున్న తెలుగువాళ్లకు నేను చెప్పాలా? మాస్టారికి ఏది ఇష్టమో అందరూ కనిపెట్టేశారు: బాగా మాగిన పండు, చిక్కటి రంగు, కొత్త ఓక్ చెక్క పీపాల వాసన. కొందరైతే 225 లీటర్ల కొత్త పీపాలో పెట్టిన వైన్‌ను తీసి మరో కొత్త పీపాలో పోశారు. దీని పేరు 200 శాతం కొత్త ఓక్. లెక్కల మాస్టారు వింటే మూర్ఛపోతాడు. వగరు తగ్గడానికి ట్యాంకులో ఆక్సిజన్ బుడగలు వదిలారు, అక్వేరియంలో చేపలకు వదిలినట్టు. వానలకు రసం పలచబడితే రివర్స్ ఆస్మోసిస్ మిషన్ పెట్టారు. అవును, మన వంటింట్లో ఉండే ఆర్‌ఓనే. మనం నీళ్లు ఉంచుకుని మిగతాది పారబోస్తాం, వాళ్లు నీళ్లు పారబోసి మిగతాది ఉంచుకున్నారు.

అయినా లేబుల్ మీద కోట బొమ్మ అదే. కాబట్టి ఏమీ మారలేదు.

ఎండ చాలని ఏళ్లలో రసంలో పంచదార కలపడం అక్కడ పాత అలవాటు. ఇప్పుడు ఎండ దంచేస్తోంది, ద్రాక్షే పంచదార మూటలా తయారైంది, 12 శాతం దగ్గర ఉండే ఆల్కహాల్ 14 దాటుతోంది. గుత్తులకు ఎండ తగలాలని ఆకులు తుంచినవాళ్లే నీడ కోసం ఆకులు ఉంచుతున్నారు. రెండూ తరతరాల అనుభవమే అనుకోండి. ఈ ఎండలకు తట్టుకుంటాయని 2021లో ఆరు కొత్త రకాల ద్రాక్షకు అనుమతి ఇచ్చారు, అందులో పోర్చుగల్ తూరిగా నాసియొనాల్ ఒకటి. తోటలో 5 శాతం, వైన్‌లో 10 శాతం మించకూడదు. లేబుల్ మీద పేరు అసలే ఉండకూడదు. అచ్చంగా ఇల్లరికపు అల్లుడు: చాకిరీ చెయ్యాలి, ఇంటిపేరు మామగారిది.

ఈలోగా ఎర్ర వైన్ తాగేవాళ్లు తగ్గిపోయారు. 2023లో హెక్టారుకు 6,000 యూరోలిచ్చి తీగలు పీకించారు. మరోపక్క పలచటి, చల్లగా తాగే క్లారెట్‌ను మళ్లీ బయటికి తీస్తున్నారు. మధ్యయుగాల్లో ఇంగ్లీషువాళ్లు తాగింది అలాంటిదేనట. చూశారా, ఇదీ పాతదే.

ఒక్క షాతో లాఫ్లూర్ మాత్రం పరువు తీసింది. ఊరి పేరు లేబుల్ మీద వేసుకోవాలంటే సాగుకు రూల్స్ ఉంటాయి. ఈ ఎండల్లో ఆ రూల్స్‌తో సాగు చెయ్యలేమని 2025లో తమ ఊరు పొమెరోల్ పేరే వదిలేసి, ఉత్త ఫ్రాన్స్ వైన్ అని రాసుకుంటామంది. తోట అదే, మట్టి అదే, కుటుంబం అదే. పేరొక్కటే మార్చారు. బోర్డో మొత్తంలో నాకు కనిపించిన మార్పు ఇదొక్కటే. దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.