సేవాభావం ఉంటే స్ట్రెస్ రాదా? ఆ ఫార్వర్డ్ ఇక ఆపండి

మళ్ళీ వచ్చింది. నిన్న బ్యాచ్ గ్రూప్‌లో, పొద్దున ఫ్యామిలీ గ్రూప్‌లో, ఇప్పుడు అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో. "నిజమైన నర్సుకి స్ట్రెస్ ఉండదు" అని పైన పెద్ద అక్షరాలు, కింద ఆరు పాయింట్లు, చివర "ప్రతి సిస్టర్‌కీ పంపండి". పంపేవాళ్ళు మంచి మనసుతోనే పంపుతున్నారని ఇన్నాళ్ళు దండం ఎమోజీ పెట్టి ఊరుకున్నా. కానీ మా జూనియర్ ఒకమ్మాయి అది చదివి "నాకు సేవాభావం లేదేమో అక్కా" అంది, ఇక ఊరుకోను.

సేవాభావం ఉన్నవాళ్ళు అలిసిపోరట, ఇది మొదటిది. మనసు పెట్టి చేసేవాళ్ళే ముందు అలిసిపోతారండీ. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్లని ఒక్క సిస్టర్‌కే ఇద్దరు ముగ్గుర్ని ఇస్తే ఒకరికి గొంతులో కఫం లాగుతుంటే (సక్షన్) ఇంకొకరి మందు ఎక్కించే పంప్ అలారం కొడుతుంది, మూడో మనిషిని పుండ్లు పడకుండా పక్కకి తిప్పే టైం దాటిపోతుంది. ఇంటికొచ్చి పడుకుంటే కళ్ళ ముందు తిరిగేది ఆ తిప్పని మనిషే. ఏం చేయాలో తెలుసు, చేతులు చాల్లేదు. దీనికి సేవాభావం ఏం చేస్తుంది?

రెండోది, బర్న్‌అవుట్ (పని ఒత్తిడితో మనసూ ఒళ్ళూ పూర్తిగా అలిసిపోవడం) ఫారిన్ జబ్బు, మన అమ్మమ్మలు పదిమందిని చూసుకున్నారు అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల లిస్టులో బర్న్‌అవుట్‌ని జబ్బుగా పెట్టనే లేదు, పనిచోట చాలాకాలంగా ఉన్న ఒత్తిడిని సరిచేయకపోతే వచ్చే సమస్య అని రాసింది. అంటే చూడాల్సింది డ్యూటీ చార్ట్‌ని, మనిషి గుణాన్ని కాదు. అమ్మమ్మకి ఇంటినిండా తోడికోడళ్ళు, ఆడపడుచులు ఉండేవాళ్ళు. ఇప్పుడు మణికొండలోనో కూకట్‌పల్లిలోనో ఫ్లాట్ చూడండి, పిల్లలు డల్లాస్‌లో, మతిమరుపు వచ్చిన పెద్దాయన దగ్గర ఏజెన్సీ పంపిన అమ్మాయి ఒక్కతే, 24 గంటలూ. ఆయన అర్ధరాత్రి లేచి "మా ఇంటికి పోతా" అని తలుపు బాదుతుంటే ఆ పిల్ల పడుకునేదెప్పుడు, వారానికి ఒక ఆఫ్ అడిగితే ఏజెన్సీ వేరే అమ్మాయిని పంపుతుందేమోనని భయం, కష్టం చెప్పుకుందామంటే ఆ ఇంట్లో ఇంకో మనిషి లేరు.

మూడోది, రోజూ పది నిమిషాల ధ్యానం, లేత రంగు బట్టలు ఉంటే స్ట్రెస్ పోతుందట. ధ్యానం మంచిదే, కుదిరితే చేసుకోండి. 12 గంటల డ్యూటీలో బాత్రూంకి పోనీకే టైం ఉండదు, ఆ పది నిమిషాలు ఎవరిస్తారు? యూనిఫాం రంగు మా చేతుల్లో లేదు, వదిలేయండి.

ఇక నాలుగోది. "పేషెంట్ పోతే ఏడ్చేవాళ్ళు, కౌన్సెలింగ్ కావాలనేవాళ్ళు ఈ ఫీల్డ్‌కి అన్‌ఫిట్." ఇది రాసినవాళ్ళు ఒక్క నైట్ డ్యూటీ వచ్చి చూడండి. తెల్లవారుజామున 3 గంటలకి పేషెంట్ పోతాడు. అప్పటిదాకా సీపీఆర్ చేసిన చేతులే ట్యూబులు తీస్తాయి, లైన్లు తీస్తాయి, ఒళ్ళు తుడుస్తాయి, దవడ జారకుండా గాజ్ కడతాయి, బొటనవేళ్ళు కలిపి కట్టి పేరు ట్యాగ్ వేస్తాయి. పోయాడన్న మాట డాక్టరే చెప్తాడు, ఆ భార్య పట్టుకుని ఏడ్చేది మాత్రం సిస్టర్‌ని. బెడ్‌ని మందుతో తుడిచి శుభ్రం (కార్బలైజ్) చేస్తుండగానే ఎమర్జెన్సీ నుంచి ఫోన్, "బెడ్ రెడీయా" అని. తెల్లారేలోపు అదే మంచం మీద కొత్త పేషెంట్, కొత్త ఫైల్. మధ్యలో ఆ అమ్మాయి స్టోర్ రూంలో సెలైన్ డబ్బాల పక్కన రెండు నిమిషాలు ఏడ్చి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ మందులు తప్పు లేకుండా ఇస్తే, ఆమె అన్‌ఫిట్టా? మరి ఫిట్ ఎవరు, ఏమీ అనిపించని వాళ్ళా? మీ అమ్మని వాళ్ళ చేతుల్లో పెడతారా?

ఈ ఒక్క వాక్యం వల్లే మనవాళ్ళు నోరు విప్పరు. చెప్తే ఉద్యోగం పోతుందని, సంబంధాలు తప్పిపోతాయని. ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్ పేరు చెప్పి ఒకర్నొకరు వెక్కిరించుకునే ఊరు మనది, ఆ భయం ఊరికే రాలేదు. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ ఉంది, 14416కి ఎప్పుడైనా ఫ్రీగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్తోంది. పేషెంట్ విషయాలు మనం బయట చెప్పం కదా, మనకీ అదే హక్కు ఉంది.

ఐదోది మాత్రం కరెక్ట్, ఒప్పుకుంటున్నా. డెత్ అయిన వెంటనే స్టాఫ్‌ని కూర్చోబెట్టి "ఏమనిపించిందో అంతా చెప్పు" అని తవ్వకూడదని అందులో ఉంది. దారుణమైనవి చూసినవాళ్ళతో వెంటనే అలా చెప్పించే పద్ధతి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది. అప్పుడు కావాల్సింది "నీళ్ళు తాగు, నీ బెడ్లు పావుగంట నేను చూస్తా" అనే మనిషి. మాట్లాడ్డం తర్వాత, ఇష్టమున్నవాళ్ళకి. క్యాన్సర్‌తో 1995లో చనిపోయిన బోస్టన్ లాయర్ కెన్నెత్ ష్వార్ట్జ్ పేరు మీద హాస్పిటళ్ళలో ష్వార్ట్జ్ రౌండ్స్ అని మీటింగులు నడుస్తాయి, డాక్టర్లు, నర్సులు, మిగతా స్టాఫ్ అందరూ ఒకచోట కూర్చుని కేసులో వైద్యం గురించి కాకుండా అది తమని ఎంత కదిలించిందో చెప్పుకుంటారు. మన దగ్గర వార్డ్ ఆయాలని, హౌస్‌కీపింగ్ వాళ్ళని కూడా పిలిచి నెలకోసారి ఇలా కూర్చోవడానికి ఒక గది, గంట టైం, ఆ గంట డ్యూటీ చూసేవాళ్ళు ఉంటే చాలు.

ఆఖరిది, జీతం అడిగితే సేవ కాదట. రెంట్ కట్టలేని మనిషికి ప్రశాంతత ఎక్కడిది? 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 50 బెడ్ల లోపు ప్రైవేట్ హాస్పిటల్లో కూడా నర్సుకి నెలకి 20,000కి తగ్గొద్దని, 200 బెడ్లు దాటితే గవర్నమెంట్ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. చాలాచోట్ల అది సిఫార్సుగానే మిగిలింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని వదలని మేనేజ్‌మెంట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఈసారి ఎవరన్నా ఆ మెసేజ్ పంపితే, వాళ్ళకి తెలిసిన హాస్పిటల్లో నైట్‌కి ఎన్ని బెడ్లకి ఎంతమంది సిస్టర్లు ఉంటారో కనుక్కుని చెప్పమనండి, అది గ్రూప్‌లో పెడదాం.