పిల్లలకు థెరపీ వల్ల పెద్దలకు కలుగుతున్న నష్టాలు

పిల్లలకూ మనసుంటుందని, అది కూడా అప్పుడప్పుడూ నలతపడుతుందని ఎవరు కనిపెట్టారో గానీ, పెద్దవాళ్ల పెత్తనానికి అప్పుడే గండం మొదలైంది. అంతకుముందు ఎంత హాయిగా ఉండేది! బడికి వెళ్లే వేళకు రోజూ కడుపునొప్పి వస్తే దొంగవేషం. గదిలోంచి బయటికి రాకపోతే పొగరు. ప్రతిదానికీ విసుక్కుంటే ఒళ్లు కొవ్వు. రోగాలు ఎన్నయినా మందు ఒకటే, నాలుగు తిట్లు. అవి పనిచేయకపోతే పక్కింటి పిల్లాడితో పోలిక.

ఇప్పుడేమో ఆ కడుపునొప్పి వెనక ఆందోళన ఉండొచ్చట, ఆ విసుగు డిప్రెషన్ కావచ్చట. దానికి థెరపీ, అంటే మాటలతో, ఆటలతో మనసుకు చేసే వైద్యం, ఇప్పించాలట. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని లెక్క కూడా చెప్పేసింది. మిగతా ఆరుగురిని చూపించి ఆ ఒక్కడికి బుద్ధి చెప్పకుండా, ఈ లెక్కలెందుకండీ?

భయం సంగతే చూడండి. చీకటంటే జడిసే పిల్లాణ్ణి చీకటి గదిలో పెట్టి గడియ వేయడం, వచ్చిన చుట్టాలందరికీ వాడి భయం చెప్పి నవ్వించడం మన సంప్రదాయ వైద్యం. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఏం చేసిందో తెలుసా? కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్నపిల్లాడికి ఇష్టమైనది తినిపిస్తూ, బోనులో ఉన్న కుందేలును దూరంగా ఉంచి, వాడు తట్టుకోగలిగినంత మేరకే కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చింది. చివరికి వాడే కుందేలును నిమిరాడు. ఒక్క దెబ్బ లేదు, ఒక్క వెక్కిరింత లేదు! ఇప్పటికీ భయాలకు ఇలా మెట్టుమెట్టుగానే చికిత్స చేస్తున్నారు. ఎంత కాలయాపన!

మరీ చిన్నపిల్లలైతే థెరపీ గదిలో బొమ్మలతో ఆడుకుంటారు. ఫీజు కట్టింది ఆడుకోవడానికా అని మనం బయట కూర్చుని పళ్లు నూరుకుంటాం. చెప్పడానికి మాటలు చాలని వయసు కాబట్టి ఆటలో చూపిస్తారని థెరపిస్టుల వాదన. ఇంట్లో ఎవరి గొంతు ఎవరి మీద లేస్తుందో బొమ్మల నోట బయటపడితే మన పరువేం కావాలి?

టీనేజీ పిల్లలకు నేర్పేది ఇంకా ప్రమాదకరం. ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు 1960లలో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది. 'నేనెందుకూ పనికిరాను' అనిపిస్తే, దానికి సాక్ష్యమేమిటో, వ్యతిరేక సాక్ష్యమేమిటో కాగితం మీద రాయమంటారు. ఇవాళ తన ఆలోచనకే సాక్ష్యం అడిగినవాడు, రేపు 'నువ్వెందుకూ పనికిరావు' అన్న మన మాటకు అడగడని హామీ ఏది?

పోనీ లోపల ఏం మాట్లాడుకున్నారో చెప్పమంటే థెరపిస్టులు చెప్పరు. ఎవరికైనా ప్రమాదం ఉన్న విషయమైతేనే చెబుతారట. మార్కుల మీద టెన్షన్, స్నేహితుడితో గొడవ, మన మీద కోపం, ఇవన్నీ రహస్యాలే. పైగా చచ్చిపోవాలనిపిస్తోందా అని పిల్లల్ని సూటిగానే అడుగుతారు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనం నోరెత్తం. పుట్టదనే పరిశోధనలు చెబుతున్నాయి. కానీ అడక్కుండా ఉండటంలో మనకున్న సౌకర్యం పరిశోధకులకేం తెలుసు?

అన్నిటికన్నా ఘోరం, అమ్మానాన్నల్నీ రమ్మనడం. బాగుచేయమని పిల్లాణ్ణి అప్పజెప్పాక మనతో పనేమిటి? చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఒక పద్ధతిలో హోంవర్కు కూడా ఇస్తారు. రోజూ ఐదు నిమిషాలు పిల్లాడు ఎంచుకున్న ఆట వాడితో ఆడాలి. ఆ ఐదు నిమిషాల్లో ఆజ్ఞలు జారీచేయకూడదు, ప్రశ్నలు వేయకూడదు, తప్పులు పట్టకూడదు. వాడు చేస్తున్నది చూసి, బాగున్నది బాగుందని చెప్పాలి. మూడో నిమిషానికల్లా 'ఆ ముక్క అక్కడ కాదురా' అనే మాట గొంతు దాకా వచ్చి కూర్చుంటుంది. ఎన్నో ఏళ్లుగా ఆజ్ఞలకూ ప్రశ్నలకూ అలవాటుపడ్డ నోళ్లు మావి. ఉన్నట్టుండి మూసుకోమంటే ఆరోగ్యానికి మంచిది కాదు. కాబట్టి రోజుకు కనీసం ఒక్క సలహాకైనా మినహాయింపు ఇప్పించాలని పెద్దలందరి తరఫున ఇందుమూలంగా విన్నవించుకుంటున్నాం.